పసుపు టేపు మీద ఎనిమిదిన్నర

"ఇరవై ఎనిమిది నిమిషాలు," అన్నాడు పట్టుకారు. "నువ్వు లోపలికి అడుగుపెట్టింది తొమ్మిదీ యాభై రెండుకి. అలారం నొక్కింది పదీ ఇరవైకి. గుమ్మం దగ్గర్నుంచి ఆ తెగిన తీగ దాకా పదకొండు అడుగులు. పదకొండు అడుగులకి ఇరవై ఎనిమిది నిమిషాలు పట్టిందా బాబూ? మధ్యలో ఏమన్నా కునుకు తీశావా?"

బల్లకు అవతల కూర్చున్న మనిషి తల ఎత్తలేదు. ముప్ఫై రెండేళ్ళవాడు, సన్నటి పొడుగాటి వేళ్ళు. ఉపగ్రహాల్లో తీగలు అల్లడం అతని పని. వెంట్రుకంత సన్నటి తీగల్ని కట్టలు కట్టి, ఏది ఎక్కడికి పోవాలో అక్కడికి చేర్చే పనితనం చూసి తోటివాళ్ళు సాలీడు అని పేరు పెట్టారు. మొన్నటిదాకా అది మెచ్చుకోలు. నిన్న మధ్యాహ్నం నుంచి అదే పేరు తిట్టయి కూర్చుంది.

"చూస్తూ నిలబడ్డాను సార్."

"దేన్ని?"

"తెగిన తీగని."

"అంతసేపు చూడ్డానికి అదేమన్నా సినిమానా?"

సాలీడు బల్ల వంక చూశాడు. గోడ గడియారం పన్నెండూ నలభై చూపిస్తోంది.

పట్టుకారుకి యాభై నాలుగేళ్ళు. నేర పరిశోధన శాఖలో ముప్ఫై ఏళ్ళ సర్వీసు. పట్టుకుంటే వదలడని శాఖలో ఎవడో పెట్టిన పేరు అసలు పేరుని మింగేసింది. హంతకులతో, దొంగలతో ఆయనకు పేచీ లేదు. వాళ్ళని చూసొచ్చిన రోజు కూడా అన్నం సయిస్తుంది. ఆఫీసుల్లో జరిగే నేరాలంటేనే ఒళ్ళంతా కంపరం. హంతకుడు తలుపేసుకుని చంపుతాడు. ఆఫీసులో అయితే నలుగురు సంతకాలు పెట్టి, ఒక నకలు ఫైల్లో దాచి మరీ చంపుతారు. ఈ ఫైలు తెరిచినప్పటి నుంచీ ఆయనకు ఆ వాసనే తగులుతోంది.

సైన్యం కోసం తయారైన ఉపగ్రహం అది. ఆకాశంలో తిరిగే పరాయివాళ్ళ ఉపగ్రహాలు మనవాటి దగ్గరికి ఎప్పుడొస్తున్నాయో, ఎందుకొస్తున్నాయో పైనుంచే కనిపెట్టడం దాని పని. ఇక్కడ అందరూ పెద్దకన్ను అంటారు. పదకొండు నెలల్లో అది ఎగరాల్సిన తేదీ నాలుగుసార్లు మారింది. ఒకసారి గాలి బాగాలేదన్నారు. ఒకసారి రాకెట్‌లో వాల్వు కారుతోందన్నారు. మూడోసారి ప్రోగ్రాం మళ్ళీ సరిచూడాలన్నారు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ఏదో ఒకటి. నాలుగోసారి సాకు కూడా దొరకలేదు కాబోలు, ఊరికే వాయిదా అన్నారు. పైవాళ్ళకు విసుగెత్తి, వచ్చే శుక్రవారం ఎగరకపోతే విచారణ సంఘం వేస్తామని కబురు పెట్టారు. కబురొచ్చిన వారానికే, నిన్న మంగళవారం పొద్దున, పెద్దకన్ను కెమెరా నుంచి వచ్చే తీగల కట్ట నిలువునా తెగి కనిపించింది.

"పద్నాలుగో నంబరు కత్తెర కొక్కేనికి నీ బిళ్ళ వేలాడుతోంది," అన్నాడు పట్టుకారు.

పెద్దకన్ను ఉన్న గదిలో ఏ పనిముట్టు తీసినా, దాని కొక్కేనికి తన పేరున్న ఇత్తడి బిళ్ళ తగిలించి తీయాలి. ఎవరి దగ్గర ఏముందో గోడ చూస్తే తెలిసిపోవాలన్నది అక్కడి పద్ధతి.

"నా బిళ్ళే సార్."

"నువ్వే తగిలించావా?"

"నా బిళ్ళే అన్నాను కదా సార్."

"అడిగింది అది కాదు. బిళ్ళలన్నీ ఎక్కడుంటాయి?"

"బట్టలు మార్చుకునే గదిలో, మేకులకి."

"అంటే ఎవరైనా తీసుకోవచ్చు."

సాలీడు మళ్ళీ బల్ల వంక చూశాడు. ఈ మౌనం భయపడ్డవాడిది కాదని పట్టుకారుకి అర్థమైంది. భయపడ్డవాడు ఎక్కువ మాట్లాడతాడు. ఇతను ఒక్కొక్క మాటా ఏరి పక్కన పెట్టుకుంటున్నాడు.

"నాలుగింటికి నిన్ను సైన్యానికి అప్పజెప్పాలి. అక్కడ దేశద్రోహం అంటే ఉరే. మీ అక్క పొద్దున ఎనిమిదింటి నుంచీ జడ్జీగారి గుమ్మం ముందు నిలబడి, బయటి పోలీసు ఒకసారి విచారించాలని ఆర్డరు తెచ్చింది. నాలుగు దాకా నువ్వు నావాడివి. ఆ తర్వాత నేను నిన్ను చూడాలన్నా ఎవడో కల్నల్ దగ్గర చెయ్యి కట్టుకుని నిలబడాలి."

అక్క అన్న మాటకి అతని తల మొదటిసారి పైకి లేచింది.

"అక్కని ఇంటికి పంపెయ్యండి సార్. నన్ను ఏమడిగినా సరే. ఆవిణ్ణి మాత్రం ఏమీ అడక్కండి."

"ఎందుకు?"

"దణ్ణం పెడతాను సార్. ఏమీ అడక్కండి."

ఒకటీ ఇరవైకి పట్టుకారు ఆ గదిలోకి వెళ్ళడానికి బట్టలు తొడుక్కోవడం మొదలుపెట్టాడు. తల నుంచి పాదం దాకా తెల్ల సూటు, ముక్కుకీ నోటికీ గుడ్డ, చేతులకి రెండు జతల గ్లవుజులు. చివర్లో నలువైపుల నుంచీ గాలి కొట్టే చిన్న గది. దాని తలుపు ఒక్కొక్కరికే తెరుచుకుంటుంది. ఎవరు ఎన్నింటికి లోపలికెళ్ళారో, ఎన్నింటికి బయటికొచ్చారో కార్డు చూసి రాసుకుంటుంది. గదికి కాపలా ఉండే పెద్దావిడ ఆయనకు తోడు వచ్చింది. ఇరవై ఏళ్ళుగా ఆ గదిని చంటిపిల్లలా సాకుతోందని, చిన్నా పెద్దా అందరూ ఆమెని పిన్నిగారు అంటారు.

"లోపల తుమ్మకూడదండీ," అందావిడ.

"వస్తే?"

"రానివ్వకూడదండీ."

నిన్న పొద్దున ఆ తలుపు రాసుకున్న లెక్క కాగితం ఆయన చేతిలో ఉంది. ఎనిమిదీ పదికి నాణ్యత చూసే ఆఫీసరు లోపలికి, ఎనిమిదీ యాభైకి బయటికి. తొమ్మిదీ యాభై రెండుకి సాలీడు లోపలికి. మధ్యలో ఈగ కూడా దూరలేదు.

పెద్దకన్ను ఒక ఎత్తు బల్ల మీద నిలబడి ఉంది. మూత వేసిన కెమెరా గొట్టం ముందుకు పొడుచుకొచ్చింది. దాని కింద, బొటనవేలంత లావున్న తీగల కట్ట రెండు ముక్కలై వేలాడుతోంది. కొత్త కట్ట పక్కన సిద్ధంగా పెట్టి ఉంది. సాయంత్రం బిగిస్తారట. పట్టుకారు మోకాళ్ళ మీద కూర్చుని తెగిన చోటు చూశాడు. కోత చక్కగా ఉంది. కోతకు అటూ ఇటూ పసుపు రంగు టేపు నీటుగా చుట్టి ఉంది.

"ఈ టేపేంటి?"

"ఏం కోసినా ముందు రెండువైపులా టేపు చుట్టాలండీ. లేకపోతే రజను గాల్లో తేలి పోయి అద్దం మీద కూర్చుంటుంది."

"అంటే దేశాన్ని ముంచేద్దామని వచ్చినవాడు కూడా ఇల్లు పాడవకుండా జాగ్రత్తపడ్డాడన్నమాట."

పట్టుకారు ఇంకా దగ్గరగా వంగాడు. టేపు కొస చిన్న చెవిలా మడిచి ఉంది.

"ఇలా మడిచారెందుకు?"

"ఈ గ్లవుజులతో కొస దొరకదండీ. తర్వాత ఊడదీసేవాళ్ళకి సుఖంగా ఉంటుందని మడుస్తాం. మడత కింద టైము రాస్తాం. ఈ గదిలో ఏది అంటించినా టైము రాసి అంటించాల్సిందే. అలవాటైపోయి, ఇంట్లో డబ్బా మూతకి అంటించినా చెయ్యి దానంతటదే రాసేస్తుంది."

చెప్పడం అయ్యాక ఆవిడకు తాను చెప్పిందేమిటో తెలిసింది. కళ్ళు పెద్దవయ్యాయి. పట్టుకారు మడతని వేలి కొసతో నెమ్మదిగా ఎత్తాడు.

ఎనిమిదీ ముప్ఫై. నల్ల సిరాతో, బుద్ధిమంతుడి రాత. ఎనిమిది అంకె గీయకుండా, సున్నా మీద సున్నా పెట్టి రాశాడు.

మనిషిని ఉరికంబం ఎక్కించే పని చేస్తూ కూడా రూలు తప్పని మహానుభావుడెవడో. పట్టుకారు మడతని అలాగే ఎత్తిపట్టుకుని పిన్నిగారి వైపు తిరిగాడు.

"ఈ రాత ఎవరిది పిన్నిగారూ?"

"కళ్ళజోడు లోపలికి తెచ్చుకోలేదండీ."

"మీ ముక్కు మీదే ఉందమ్మా."

ఆవిడ మొహం తిప్పేసుకుంది. ఇరవై ఎనిమిది నిమిషాల సంగతి పట్టుకారుకి అప్పుడు తెలిసింది. సాలీడు తెగిన తీగని చూడలేదు. ఈ మడత ఎత్తి, ఈ రాత చూసి, తనకు బాగా తెలిసిన ఆ చేతిని గుర్తుపట్టి నిలబడిపోయాడు. ఎవరి పేరు చెప్పాలా, అసలు చెప్పాలా వద్దా అన్నది తేల్చుకోవడానికి అంతసేపు పట్టింది.

"ఈ ముక్క నాకు కావాలి."

"ఇక్కణ్ణుంచి ఏది బయటికి తీసుకెళ్ళాలన్నా నాణ్యత ఆఫీసరుగారి సంతకం కావాలండీ," అంది పిన్నిగారు నేల చూస్తూ. "కాగితం మీద ఆయన సంతకం పడితేనే ఇస్తాను."

రెండూ పదికి బయటికొచ్చేసరికి వరండాలో కల్నల్ ఎదురుచూస్తున్నాడు. ఈ ఉపగ్రహ కేంద్రానికి కాపలా అంతా ఆయనదే. ఇస్త్రీ బట్టలు, ఇస్త్రీ చేసినట్టున్న మొహం. ఇంట్లో దొంగని తాను పట్టుకుంటే, బయటి పోలీసొచ్చి వేలు పెట్టడం ఆయనకు మొదటి నుంచీ మింగుడుపడలేదు.

"సరదా తీరిందా డిటెక్టివ్‌గారూ?"

"కోసింది ఎనిమిదిన్నరకి. అప్పుడు మీ సాలీడు ఇంకా బస్సులో ఉన్నాడు. లోపలున్నది నాణ్యత ఆఫీసరు."

పట్టుకారు టేపు సంగతి చెప్పాడు. కల్నల్ చివరిదాకా విని, చిన్నపిల్లాడి మాటకి నవ్వినట్టు నవ్వాడు.

"రోజూ తొమ్మిదింటికి కెమెరాకి పరీక్ష ఉంటుంది. బయటి గదిలోంచి మీట నొక్కితే కెమెరా ఒక బొమ్మ తీసి ఈ తీగల్లోంచే పంపుతుంది. నిన్న తొమ్మిదింటికి బొమ్మ వచ్చింది. తీగ ఎనిమిదిన్నరకే తెగితే తొమ్మిదింటి బొమ్మ ఎలా వచ్చింది? గాల్లో ఎగురుకుంటూ వచ్చిందా?"

పట్టుకారు చేతిలోని లెక్క కాగితం మళ్ళీ చూశాడు.

"ఆ టైము వాడే రాసుంటాడు, మీలాంటివాళ్ళ కోసం. తొమ్మిది తర్వాత లోపలికి వెళ్ళింది వాడొక్కడే. నాలుగింటికి నా మనుషులు వస్తారు. అప్పటిదాకా కావాలంటే ఇంకో రెండు టేపులు చూసుకోండి."

"ఆ నాణ్యత ఆఫీసరు సాలీడికి ఏమవుతాడు?"

"అక్క మొగుడు. ఆ పెద్దమనిషి సిగ్గుతో చచ్చిపోతున్నాడు పాపం. బావమరిది ఇలాంటివాడని తెలీదని నా దగ్గర కన్నీళ్ళు పెట్టుకున్నాడు."

కల్నల్ బూట్లు చప్పుడు చేసుకుంటూ వెళ్ళిపోయాడు. గర్వం ఉన్నచోట తెలివి ఉండదనుకోవడానికి లేదు. ఆ మనిషి చెప్పినదాంట్లో లెక్క సరిగ్గానే ఉంది. ఎనిమిదిన్నర టేపు, తొమ్మిదింటి బొమ్మ. రెండూ నిజం కావడానికి వీల్లేదు. టేపుని పట్టుకారు కళ్ళారా చూశాడు. చూడనిది బొమ్మ.

పరీక్ష గదిలో అన్నీ అచ్చువేసి ఫైళ్ళలో కుట్టి ఉంచుతారు. రెండున్నరకి పట్టుకారు నిన్నటి కాగితం తీయించాడు. నల్లటి చదరం, అక్కడక్కడా తెల్లటి చుక్కలు. మూత వేసి ఉంటుంది కాబట్టి కెమెరాకి కనిపించేది చీకటే. చుక్కలు మాత్రం కెమెరా తనంతట తాను పుట్టించుకునేవి. కాగితం అడుగున చిన్న అక్షరాల్లో ఒక వాక్యం అచ్చువేసి ఉంది: చుక్కల స్థానములు దినదినము మారవలెను. మారనియెడల కెమెరా పనిచేయుట లేదని ఎంచి వెంటనే తెలుపవలెను. కింద 'నిన్నటి బొమ్మతో పోల్చి చూచితిని' అని మరో ముక్క, దాని కింద సంతకం.

పట్టుకారు సోమవారం కాగితం తీశాడు. రెంటినీ కలిపి కిటికీ అద్దానికి ఆనించాడు. వెనక నుంచి ఎండ పడింది.

చుక్కలు చుక్కల మీద కూర్చున్నాయి. ఒక్కటి పక్కకు జరగలేదు.

ఆదివారంది పెట్టాడు. అంతే. పోయిన నెలది పెట్టాడు. అంతే. వానాకాలంది పెట్టాడు. ఎడమవైపు మూలన మూడు చుక్కలు, మధ్యలో రెండు, అదే చీకటి. పదకొండు నెలలుగా పెద్దకన్ను ఒకే ఒక్క బొమ్మ చూస్తోంది. అంటే ఏదీ చూడటంలేదు. మీట నొక్కిన ప్రతిసారీ ఎవరో దాచిపెట్టిన పాత బొమ్మనే కంప్యూటర్ తీసి చూపిస్తోంది. తీగ తెగినా తెగకపోయినా తొమ్మిదింటికి ఆ బొమ్మ వస్తుంది. ప్రతి కాగితం కింద పోల్చి చూశామంటూ సంతకాలు. నాణ్యత ఆఫీసరువి, డైరెక్టరువి, ఇంకా ఎవరెవరివో. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో చేపలు మాత్రం లేవు. ఆయనకు ఆ ఫైళ్ళని ముట్టుకున్న వేళ్ళు కడుక్కోవాలనిపించింది.

నాణ్యత ఆఫీసరుని సంతకాలాయన అంటారు. మూడుంబావుకి పట్టుకారు ఆయన గదిలోకి వెళ్ళి, రెండు కాగితాలు బల్ల మీద పరిచి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. నలభై అయిదేళ్ళ మనిషి. జేబులో వరసగా మూడు పెన్నులు. కాగితాలు చూశాడు. పట్టుకారు మొహం చూశాడు. బుకాయించే ఓపిక కూడా అతనిలో మిగల్లేదు.

"ఎనిమిది అంకె ఒకసారి రాయండి," అన్నాడు పట్టుకారు.

"ఎందుకులెండి," అన్నాడు సంతకాలాయన. "చెయ్యి రాసేసింది. బయటికొచ్చాక గుర్తొచ్చింది. మళ్ళీ లోపలికెళ్తే కార్డు పడుతుంది."

"మొదటి నుంచీ చెప్పండి."

"కిందటేడు మంత్రిగారొచ్చారు. ఆయన్ని సంతోషపెట్టాలని మా డైరెక్టరు కెమెరా మూత తీయించి, కరెంటు ఇప్పించి, మంత్రిగారి మొహం తెర మీద చూపించాడు. వేలమైళ్ళ అవతల చీకట్లో తిరిగే రేకుముక్కని చూడ్డానికి చేసిన కన్నండీ అది. దానిముందు మనిషిని నిలబెట్టారు. అంతటితో ఆగారా! మొహం నల్లగా కనిపిస్తోందని ఎవరో లైటు వెయ్యమన్నారు. చాల్లేదని ఇంకో లైటు వేశారు. లోపలి కంటిపాప, అంటే వెలుగుని పట్టే పలక, ఆ నిమిషంలోనే మాడిపోయింది. మంత్రిగారు చప్పట్లు కొట్టి వెళ్ళిపోయారు."

"లైటు వెయ్యమన్నది ఎవరు?"

"నేను వెనక వరసలో ఉన్నాను. ఎవరి గొంతో తెలీదు."

"తర్వాత?"

"మాడిన పాప తీసేసి, అంతే బరువున్న రేకుబిళ్ళ పెట్టాం. కొత్తది తయారు కావడానికి రెండేళ్ళు పడుతుంది. అప్పటిదాకా వాయిదాలు వేసుకుంటూ పోదామన్నారు. ఇంక వాయిదా కుదరదని పైనుంచి ఉత్తరం వచ్చింది. సరే, ఎగరనిద్దాం అన్నారు. పైకి వెళ్ళాక కన్ను తెరుచుకోకపోతే ఎవడు ఎక్కి చూస్తాడు? కాకపోతే ఎందుకు తెరుచుకోలేదంటే చెప్పడానికి ఒక కారణం ఉండాలి. ఒక ద్రోహి ఉండాలి. తీగ కోసినవాడు లోపల ఇంకేదో కూడా పాడుచేశాడంటే సరిపోతుంది."

"ఆ ద్రోహి మీ ఆవిడ తమ్ముడే కావాలా?"

సంతకాలాయన బాగా ఆలోచించుకున్న మాట చెప్పినట్టు చెప్పాడు.

"బయటివాడైతే ఊరుకోడండీ. అల్లరి చేస్తాడు, పత్రికలకెక్కుతాడు. వీడైతే నా రాత గుర్తుపట్టినా, అక్క కాపురం కూలిపోతుందని నోరు విప్పడు. పైగా వాడికి పెళ్ళాం పిల్లల్లేరు. ఎవరూ అన్యాయమైపోరు."

పట్టుకారు ముప్ఫై ఏళ్ళలో చాలా గదుల్లో కూర్చున్నాడు. లేచి వెళ్ళి కిటికీ తలుపు తెరవాల్సొచ్చిన గది ఇదొక్కటే. ఒక మనిషి మంచితనాన్ని కొలిచి, దానికి సరిపడా తాడు పేనాడు ఈ పెన్నుల పెద్దమనిషి. పైగా దాన్ని ఎంచక్కా ఇంటి లెక్కలా వివరిస్తున్నాడు.

"ఆ మాడిన పాప ఎక్కడుంది?"

"పారేశాం."

జవాబు మరీ త్వరగా వచ్చింది. గుమ్మం దగ్గర కానిస్టేబుల్ని నిలబెట్టి, పట్టుకారు బయల్దేరాడు. మూడూ ముప్ఫై అయిదు.

కల్నల్ గదిలో సాలీడు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. అతని ముందు ఒక కాగితం, పక్కన మూత పెట్టిన పెన్ను.

"ఆలస్యమైంది డిటెక్టివ్‌గారూ," అన్నాడు కల్నల్. "నాలుగింటి దాకా ఎందుకని ముందే పిలిపించాను. మూడూ ఇరవైకి ఒప్పుకుని సంతకం పెట్టాడు."

"తీగ కోసింది వాళ్ళ బావ. నాముందు చెప్పాడు. ఆ ఉపగ్రహానికి కన్నే లేదు. టేపు తెప్పించండి, పరీక్ష కాగితాలు తెప్పించండి, కెమెరా విప్పించండి."

"సాయంత్రం దాకా ఆగకుండా మూడింటికే కొత్త తీగ వేసేశారు. పాత ముక్కలు పద్ధతి ప్రకారం కాల్చేశారు. పెద్దకన్నుని రాకెట్ ముక్కు తొడుగులో పెట్టి మూసేశారు. ఇక విప్పడాలు లేవు. పరీక్ష కాగితాలు రహస్యం, ఈ ఆవరణ దాటవు. మీతో చెప్పినాయన రేపు కోర్టులో చెప్పలేదంటే మీరేం చేస్తారు?"

సంతకం కోసం ఆగకుండా ఆ టేపు చింపి నోట్లో వేసుకొచ్చినా బాగుండేది. పట్టుకారుకి తన మీద తనకే మండుకొచ్చింది. పద్ధతి పద్ధతి అంటూ వీళ్ళు తననీ వీళ్ళలో కలిపేసుకున్నారు.

తలుపు దగ్గర సిపాయి ఒకామెని లోపలికి పంపాడు. అప్పగించే ముందు బంధువులు అయిదు నిమిషాలు చూడొచ్చని ఆర్డర్లో ఉంది. నలభై ఏళ్ళుంటాయి. భుజాన గుడ్డసంచి. పొద్దుటి నుంచీ నిలబడే ఉన్న మనిషని కాళ్ళు చెబుతున్నాయి. తిన్నగా తమ్ముడి దగ్గరికి వెళ్ళింది.

"నువ్వే కోశావా?"

"అవునక్కా."

"అబద్ధం," అన్నాడు పట్టుకారు. "కోసింది మీ ఆయనమ్మా. మీ కాపురం కోసం వీడు నెత్తిన వేసుకున్నాడు."

సాలీడు లేవబోయాడు. "సార్, అక్కని అడగొద్దన్నాను కదా సార్!"

అక్క ఏడవలేదు. భర్త ఎలాంటివాడో కొంత తెలిసి, మిగతాది ఇప్పుడు తెలిసిన మనిషిలా తల ఊపింది. తర్వాత తమ్ముడి నెత్తిన ఒక్కటి మొట్టింది.

"నీకెవడు చెప్పాడ్రా నాకా కాపురం కావాలని? నిన్ను ఉరికి పంపి, ఆయనకి అన్నం వడ్డించుకుంటూ కూర్చుంటాననుకున్నావా? నన్ను అంత నీచపుదాన్ని చేశావేంట్రా?"

సాలీడు రెండు చేతులతో మొహం కప్పుకుని, రెండు రోజుల్లో మొదటిసారి ఏడ్చాడు.

"ఆయన చేశాడంటే నమ్ముతాను సార్," అందామె పట్టుకారు వైపు తిరిగి. "ఇవాళ పొద్దున నేను జడ్జీగారి దగ్గరికి బయల్దేరుతుంటే, బీరువా అడుగునుంచి ఒక డబ్బా తీసి, దారిలో కాలవలో పడెయ్యమన్నారు. తమ్ముడు లోపల ఉంటే ఈయనకి డబ్బా గోలేంటని నాకు ఒళ్ళు మండింది. పడెయ్యలేదు."

సంచిలోంచి అరచేతిలో పట్టే రేకుడబ్బా తీసి బల్ల మీద పెట్టింది. పట్టుకారు మూత తీశాడు. దూదిలో ఒక బూడిదరంగు పలక. దాని మీద పక్కపక్కనే రెండు గుండ్రటి మచ్చలు, గోధుమరంగులో కమిలిపోయి ఉన్నాయి. పలక అంచున నంబరు చెక్కి ఉంది. రేపు డైరెక్టరు తనమీదకు తోస్తే చూపించడానికి దాచుకుని, సంగతి ముదిరేసరికి భయపడి వదిలించుకోబోయాడన్నమాట సంతకాలాయన.

"ఇదిగోండి, పెద్దకన్నుకి ఉండాల్సిన కంటిపాప," అన్నాడు పట్టుకారు. "నంబరు చూసుకోండి. ఇది ఇక్కడుంటే, రాకెట్‌లో ఉన్నదేంటో అది విప్పకుండానే తెలుస్తుంది. మూడూ నలభై ఎనిమిది. ఆ ఒప్పుకోలు కాగితం చింపెయ్యండి."

కల్నల్ ఆ రెండు మచ్చల వంకే చూస్తున్నాడు. ఇస్త్రీ మొహం మీద మొదటిసారి ఒక ముడత పడింది.

"రెండు లైట్లు," అన్నాడు, తనలో తాను అనుకుంటున్నట్టు. "ఒకటి చాల్లేదు. మంత్రిగారి మొహం నల్లగా పడుతోందని... రెండోది తెప్పించి వేయించింది నేనే."

ఆ అర నిమిషం కల్నల్ నిజంగా బాధపడ్డాడు, అది పట్టుకారు చూశాడు. ఆ బాధ పక్కకు జరిగి ఇంకేదో వచ్చి కూర్చోవడం కూడా చూశాడు. ఇంతవరకూ ఈ కుట్రలో ఆయన లేడు. ఆయనకి తెలీదు. ఇప్పుడు తెలిసింది.

కల్నల్ లేచి, గుమ్మం దగ్గరున్న సిపాయిని వరండా చివరికి వెళ్ళి నిలబడమన్నాడు. తలుపు మూసి గడియ పెట్టాడు. ఒప్పుకోలు కాగితాన్ని చింపకుండా మడత పెట్టి జేబులో పెట్టుకున్నాడు. పట్టుకారు చెయ్యి డబ్బా మీదకు వెళ్ళేలోపే ఆయన చెయ్యి దానిమీద ఉంది. నడుముకున్న తుపాకీ ఒర బొత్తాం విప్పి ఉందని పట్టుకారు అప్పుడే గమనించాడు.

కల్నల్ మాత్రం అక్క వైపు తిరిగి, పొద్దుటి నుంచీ ఎవరితోనూ మాట్లాడనంత మెత్తగా అడిగాడు.

"ఇది కాలవలో పడలేదని మన నలుగురికీ తప్ప ఇంకెవరికి తెలుసమ్మా?"

పట్టుకారు నోరు తెరిచాడు. కానీ ఆమే ముందు మాట్లాడింది.

"ఇంకెవరికీ తెలీదండీ," అంది అక్క, కల్నల్‌కి ధైర్యం చెబుతున్నట్టు.